బంతి గీత దాటిందని సెన్సర్‌కు ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: ఇంజనీరింగ్ ప్రాజెక్టు కోసం బల్లమీద ఆడే చిన్న గోల్‌పోస్టును తయారుచేసి, గోల్ పడగానే దీపం వెలిగేలా గీత మీదనే అల్ట్రాసోనిక్ (ధ్వనిని పంపి, ప్రతిధ్వనితో దూరం కొలిచే) సెన్సర్‌ను అమర్చాము. 4 సెంటీమీటర్ల పింగ్‌పాంగ్ బంతిని నెమ్మదిగా దొర్లిస్తే దీపం వెలుగుతోంది, గట్టిగా కొడితే వెలగడం లేదు. ఒక్కోసారి బంతి గీతను తాకి వెనక్కి వచ్చినా గోల్ అని చూపుతోంది. కోడ్‌లో తప్పేమిటి?
– ఇద్దరు మూడో సంవత్సరం విద్యార్థులు

సమాధానం: తప్పు కోడ్‌లో కన్నా సెన్సర్ ఎంపికలోనూ, దాన్ని నిలిపిన చోటులోనూ ఎక్కువగా ఉంది. మీరు వాడుతున్నది ఎచ్‌సీ-ఎస్‌ఆర్04 రకమైతే, ఒక కొలతకూ మరొక కొలతకూ మధ్య 60 మిల్లీసెకన్లు ఆగమని దాని వివరపత్రమే చెబుతుంది. సెకనుకు 5 మీటర్ల వేగంతో వచ్చే బంతి ఆ వ్యవధిలో 30 సెంటీమీటర్లు సాగి, వలను తాకి ఆగిపోతుంది. పైగా గుండ్రని బంతి మీద పడిన ధ్వని నేరుగా సెన్సర్ వైపు తిరిగి రాకుండా పక్కలకు చెదిరిపోతుంది. అందుచేత దాన్ని పక్కన పెట్టి, ఒక స్తంభంలో ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీని, ఎదుటి స్తంభంలో రిసీవర్‌ను ఉంచి, మధ్యనున్న కిరణం తెగడాన్ని గుర్తించే పద్ధతికి మారండి.

ఇక రెండో లోపం. ఫుట్‌బాల్ నియమం ప్రకారం బంతి మొత్తం గీతను దాటితేనే గోల్. కిరణం గీత మీద ఉంటే బంతి ముందు అంచు తగిలినా తెగుతుంది కాబట్టి, దాన్ని గీత వెనుక అంచు నుంచి సరిగ్గా బంతి వ్యాసమంత దూరంలో, అంటే 4 సెంటీమీటర్లు వల వైపుకు జరపాలి. బంతి ముందు అంచు అక్కడికి చేరే సమయానికి వెనుక అంచు గీతను వదిలేసి ఉంటుంది. ఆ తరువాత బంతి బయటికి వచ్చినా అది గోలే. బంతి ఎగిరి వచ్చే అవకాశం ఉంది కనుక కిరణాలను 2 సెంటీమీటర్ల ఎడంతో ఒకదానిపై ఒకటి అమర్చండి. అప్పుడు ఏదో ఒక కిరణం బంతి కేంద్రానికి ఒక సెంటీమీటరు లోపే ఉంటుంది, కిరణం తెగే చోటులో తేడా 3 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది.

రిసీవర్ విషయంలో చాలామంది బోల్తాపడతారు. టీవీ రిమోట్ల కోసం చేసిన 38 కిలోహెర్ట్జ్ రిసీవర్ ఎడతెగని సంకేతాన్ని అలజడిగా భావించి కాసేపటికి అణచివేస్తుంది. బంతి లేకపోయినా కిరణం తెగినట్లే చూపుతుంది. కిరణ అవరోధాల కోసమే చేసిన రకాన్ని అడిగి తెచ్చుకోండి. పింగ్‌పాంగ్ బంతి పలుచని తెల్ల ప్లాస్టిక్ కనుక కొంత కాంతి దాని గుండా చొరబడుతుంది. బంతిని కిరణానికి అడ్డంగా చేత్తో పట్టుకొని చూసి, అప్పటికీ తెగకపోతే ఎల్‌ఈడీ రెసిస్టర్‌ను పెంచి కాంతిని తగ్గించండి.

5 మీటర్ల వేగంలో కిరణం సుమారు 8 మిల్లీసెకన్లు మాత్రమే తెగి ఉంటుంది. లూప్‌లో ఎక్కడైనా డిలే(100), అంటే 100 మిల్లీసెకన్లు ఆగమనే ఆదేశం, రాశారా? దాన్ని తీసేస్తే కోడ్‌ను నడిపే ఆర్డునో బోర్డుకు ఆ 8 మిల్లీసెకన్ల వ్యవధి పుష్కలం, ఇంటరప్ట్ (సంకేతం రాగానే నడుస్తున్న పనిని ఆపి స్పందించే ఏర్పాటు) కూడా అక్కరలేదు. కిరణం తెగిన సంగతిని ఒక చలరాశిలో భద్రపరచి, మీరు బటన్ నొక్కేవరకు దీపాన్ని ఆర్పకండి.

చెయ్యి అడ్డుపడినా ఈ ఏర్పాటు గోల్ అనే అంటుంది. గీత మీద మరో కిరణం పెట్టి, రెండూ వరుసగా తెగితేనే లెక్కించినా, ముందు నుంచి చొరబడే చేతిని అది ఆపలేదు. 2014 బ్రెజిల్ ప్రపంచకప్‌లో కిరణాలకు బదులు ఒక్కో గోల్‌పోస్టుకు 7 చొప్పున 14 కెమెరాలతో బంతినే వెంటాడారు. మీ స్థాయిలో అంత అక్కరలేదు. ఈ పరిమితిని నివేదికలో దాచకుండా రాయండి.