విజిట్ వీసాతో దుబాయి కొలువు?

ప్రశ్న: మా తమ్ముడు తొమ్మిదో తరగతి వరకే చదివి తాపీ పని చేస్తున్నాడు. విజిట్ వీసా మీద దుబాయి పంపి, అక్కడ కంపెనీ వీసాగా మార్పిస్తానని ఒక ఏజెంటు రూ.80,000 అడుగుతున్నాడు. పంపవచ్చా?
– ఒక పాఠకుడు, జగిత్యాల జిల్లా

జవాబు: ఈ పద్ధతిలో పంపవద్దు. యూఏఈలో ఉంటూనే విజిట్ వీసాను ఉద్యోగ వీసాగా మార్చుకునే వీలున్న మాట నిజమే కానీ, అందుకు ముందుగా ఒక కంపెనీ అక్కడి కార్మిక శాఖ నుంచి వర్క్ పర్మిట్ తీసుకోవాలి. అది రాకముందు పనిలో దిగితే నేరం. ఏజెంట్లు చెప్పకుండా దాటవేసేది సరిగ్గా ఈ మాటే.

పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ (వలస తనిఖీ అవసరమైన) కోవలోకి వస్తుంది. అలాంటివారు గల్ఫ్‌కు పనికి వెళ్లాలంటే 1983 నాటి వలసల చట్టం ప్రకారం ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (ప్రభుత్వం ఇచ్చే వలస అనుమతి) తప్పనిసరి. ఇది ఉత్త కాగితం తంతు కాదు: జీతం, పని వివరాలున్న ఒప్పందం కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో నమోదవుతుంది, ప్రమాద మరణానికి రూ.10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా వర్తిస్తుంది. విజిట్ వీసాతో విమానమెక్కిన వ్యక్తికి ఈ రక్షణలేవీ ఉండవు.

ఇక డబ్బు సంగతి. లైసెన్సున్న ఏజెంటు సైతం రూ.30,000, దానిపై జీఎస్టీకి మించి వసూలు చేయరాదు. నియామకపు ఖర్చులను కార్మికుడిపై మోపరాదని యూఏఈ 2021 కార్మిక చట్టం కూడా చెబుతోంది. కాబట్టి ఏజెంటు లైసెన్సు నంబరును ఈ-మైగ్రేట్‌లో సరిచూడండి, లేదా విదేశీ ఉద్యోగాలకు పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను సంప్రదించండి.