సుంకి ఘాటీలో ఉస్‌మంటే టర్బో పోయినట్టేనా?

మీ ప్రశ్న: సాలూరు నుంచి కొరాపుట్ వెళ్తుంటే సుంకి ఘాటీలో డీజిల్ కారు లాగట్లేదు, ఎక్సలేటర్ తొక్కితే ఉస్‌మని గాలి చప్పుడు, వెనక నల్ల పొగ. షెడ్డులో టర్బో పోయింది, మార్చాలన్నారు.

అప్పుడే మార్చకండి. ఈ మూడూ కలిసి వచ్చాయంటే ముందు అనుమానించాల్సింది ఇంటర్‌కూలర్ (టర్బో పంపే వేడి గాలిని చల్లబరిచే జాలీ) హోస్ పైపుని. టర్బో నొక్కి పంపే గాలి దాంట్లోంచే ఇంజిన్‌కి వెళ్తుంది. బండి నిలబెట్టి రేసు చేస్తే ఒత్తిడి పెద్దగా రాదు కాబట్టి షెడ్డులో చప్పుడు దొరకదు. మూడో గేర్లో 2000 ఆర్‌పీఎం దాటి ఎత్తు ఎక్కేటప్పుడే చీలిక నోరు తెరుస్తుంది. గాలి బయటికి పోతుంది, డీజిల్ మాత్రం పడుతూనే ఉంటుంది. సగం కాలిన ఆ డీజిలే నల్ల పొగ.

ఇంజిన్ చల్లారాక పైపు అడుగున చెయ్యి పెట్టి తడమండి. చీలిక ఎక్కువగా క్లాంపు పక్కనో, వంపు లోపలి వైపో ఉంటుంది. గాలితో పాటు వచ్చే సన్నటి ఆయిల్ తుంపరకి మన ఎర్రమట్టి దుమ్ము అతుక్కుని అక్కడ ముద్ద కడుతుంది. దాన్ని గుడ్డతో తుడిచి, పైపుని రెండు చేతులా వంచి చూడండి. మామూలుగా కనపడని గీత అప్పుడు విచ్చుకుంటుంది. టేపు చుట్టి నడపొద్దు, మొదటి ఎక్కుడుకే ఊడిపోతుంది. కొత్త పైపు వేసి క్లాంపు బిగించండి, రబ్బరు తెగేంతగా కాదు. కారు కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లు చదివే స్కానర్ పెడితే పీ0299 కోడ్ కనిపించొచ్చు. దానర్థం గాలి ఒత్తిడి తక్కువైందనే తప్ప టర్బో చచ్చిందని కాదు. ఆ కోడ్ చూపించి టర్బో బిల్లు రాసేయడం చాలా అన్యాయం.

ఎయిర్ ఫిల్టర్ కూడా తీసి చూడండి. దాన్ని మార్చడానికి కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్ల లెక్క ఇంత దుమ్ము రోడ్లకి సరిపోదు. డీజిల్ ఫిల్టర్ మూసుకుపోతే ఉస్ శబ్దం ఉండదు, ఎక్కడంలో బండి ఆయాసపడుతుందంతే. నాలుగో గేర్లో 50 మీద గట్టిగా తొక్కినప్పుడు ఆర్‌పీఎం లేచి స్పీడు లేవకపోతే, కాలిన వాసన వస్తే, అది క్లచ్ ప్లేటు. చల్లగా స్టార్ట్ చేయగానే టిక్ టిక్‌మని, వేడెక్కాక తగ్గితే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గాస్కెట్ (ఇంజిన్‌కీ పొగ గొట్టానికీ మధ్య అతుకులో ఉండే సీలు) చూడండి.

టర్బో నిజంగా పోతే అంబులెన్స్ సైరన్‌లా ఊళ వేస్తుంది, నీలం పొగ వస్తుంది, ఆయిల్ తగ్గుతుంది. ఇంజిన్ ఆపి, చల్లారాక, టర్బోకి గాలి వెళ్లే పైపు ఊడదీసి లోపలి చక్రాన్ని వేళ్లతో పట్టుకోండి. పక్కకి కొంచెం కదిలితే ఫర్వాలేదు. ముందుకీ వెనక్కీ ఆడినా, రెక్కలు గోడకి రాసుకున్నా మార్చాల్సిందే. మార్చేటప్పుడు ఆయిల్ వచ్చే సన్న పైపు కూడా కొత్తది వేయించండి, ఇంజిన్ ఆయిల్ మార్పించండి, ఇంటర్‌కూలర్‌లో చేరిన ఆయిల్ వంచి కడిగించండి. పాత ఆయిల్ పైపు మసితో పూడుకుని ఉంటే కొత్త టర్బోకి ఆయిల్ అందదు, అదీ కొన్నాళ్లకే పోతుంది.