తాళం చెడిందా, తలుపు జారిందా?

ప్రశ్న: మా సింహద్వారం టేకుది, వేయించి పదిహేనేళ్ళయింది. ఎండాకాలం తాళం బాగానే పడుతుంది, వానలు మొదలయ్యాయంటే హ్యాండిల్ పట్టుకుని తలుపుని కాస్త పైకెత్తితే గానీ పడదు. రెండుమూడుసార్లు కొబ్బరినూనె పోశాం. తాళాలాయన చూసి మొత్తం మార్చేయాలంటున్నాడు. మార్పించమంటారా? (ఒక పాఠకురాలు, రాజమండ్రి)

జవాబు: ఆగండమ్మా, ముందు ఒక్క పని చేయండి. తలుపు బార్లా తెరిచిపెట్టి తాళం చెవి తిప్పి చూడండి. గడియ సాఫీగా బయటికొచ్చి లోపలికి పోతుంటే తాళానికి ఏ రోగమూ లేనట్టే. పైకెత్తితే పడుతోందని మీరే రాశారు కాబట్టి నా అనుమానమంతా పై బందు మీదే. వానల్లో చెక్క తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, ద్వారబంధానికి ఒరుసుకుంటుంది, మనం రోజూ బలంగా లాగుతాం, ఆ లాగుడుకి పై బందు మరలు వదులై బరువైన టేకు తలుపు కొసన కిందికి జారుతుంది. అప్పుడు గడియ, ద్వారబంధానికి బిగించిన ఎదుటి ఇనప పట్టీలోని రంధ్రంలోకి పోకుండా దాని కింది అంచుకి కొట్టుకుంటుంది. నమ్మకం కుదరకపోతే గడియ కొసకి తడి కుంకుమ రాసి, తలుపు మూసి, తాళం తిప్పి, మళ్ళీ తెరిచి చూడండి, ఎక్కడ తగులుతోందో ఎర్రగా కనిపిస్తుంది.

మరలు బిగించబోతే పట్టు దొరక్క గిర్రున తిరుగుతున్నాయా? తలుపు కింద చెక్కముక్కలు పెట్టి బరువు ఆపి, ఒక్కో మర ఊడదీసి, ఆ రంధ్రంలో తల తుంచిన అగ్గిపుల్లలు ఫెవికాల్‌లో ముంచి బిగుతుగా దూర్చండి. రాత్రంతా ఆరనిచ్చి, బయటికున్న కొసలు కోసేసి, మర మళ్ళీ ఎక్కించండి. ఇంకా వెంట్రుకవాసి తేడా మిగిలితే పట్టీలోని రంధ్రాన్ని ఆకురాయితో కొంచెం అరగదీస్తే చాలు. కార్పెంటర్ మాత్రం ఈ వానల్లో తలుపుకి చిత్రిక పడతానంటే ఒప్పుకోకండి. ఇప్పుడు కచ్చితంగా సరిపోయేలా చెక్కిన తలుపుకి ఏప్రిల్‌లో బల్లి దూరేంత సందు వస్తుంది.

ఇక కొబ్బరినూనె. చలికాలంలో సీసాలో గడ్డకట్టే నూనె తాళంలో మాత్రం గడ్డకట్టదా? పైగా దుమ్ముతో కలిసి లోపలి పిన్నుల (తాళం చెవి పళ్ళకి ఆనే చిన్న కడ్డీల) చుట్టూ మడ్డిలా పట్టేస్తుంది. డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రే లోపలికి కొట్టి, తాళం చెవి పెట్టి తీస్తూ, నల్లటి మడ్డి రావడం ఆగేదాకా గుడ్డతో తుడవండి. బాగా ఆరాక పెన్సిల్ ముల్లుని తాళం చెవి పళ్ళ మీద రుద్ది పదిసార్లు ఆడించండి. పెన్సిల్‌లో ఉండేది గ్రాఫైటే, అది దుమ్ముని పట్టుకోదు.

ప్రశ్న: అద్దె ఫ్లాట్‌లోకి కొత్తగా దిగాం. మాకు ముందు మూడు కుటుంబాలు ఉండి వెళ్ళాయట, ఎవరి దగ్గర ఎన్ని తాళం చెవులు ఉన్నాయో ఓనర్‌కే తెలీదు. రాత్రిళ్ళు టెన్షన్‌గా ఉంటోంది. తాళం మారుద్దామంటే తలుపు పాడవుతుందని ఆయన ఒప్పుకోవట్లేదు. (కూకట్‌పల్లి, హైదరాబాద్)

జవాబు: మీ భయమూ న్యాయమే, ఆయన భయమూ న్యాయమే. మీది తలుపు మందంలోకి దిగిన తాళమూ, చెవి పెట్టే భాగం విడిగా ఉండే రకమూ అయితే (కొత్త ఫ్లాట్లలో ఎక్కువ ఇదే) తలుపు మీద గీత కూడా పడకుండా ఆ భాగం ఒక్కటే మార్చొచ్చు. దాన్ని సిలిండర్ అంటారు.

తలుపు తెరిచి దాని మందం వైపు చూడండి. చెవి పెట్టే చోటుకి సరిగ్గా ఎదురుగా ఒక మర ఉంటుంది, దాన్ని పూర్తిగా తీసేయండి. తర్వాత తాళం చెవి పెట్టి కొద్దిగా, అంటే గడియారంలో రెండు మూడు నిమిషాలంత, అటూ ఇటూ తిప్పుతూ మెల్లగా లాగండి. సిలిండర్ మధ్యలో గడియని తోసే చిన్న నాలుక ఉంటుంది, అది ఒంట్లో కలిసిపోయిన చోట సిలిండర్ జారి బయటికొస్తుంది. రాకపోతే సుత్తి తీయకండి, కోణం కుదరలేదని అర్థం.

ఆ పాతదాన్ని చేత్తో పట్టుకునే షాపుకి వెళ్ళండి. ఒకసారి నేను అరవై మిల్లీమీటర్లదే అయ్యుంటుందిలే అని అందాజుగా కొనుక్కొచ్చి, అది తలుపులో మునిగిపోతే అదే ఎండలో మళ్ళీ వెళ్ళాను. మర రంధ్రం నడుమ నుంచి లోపలి కొసకీ బయటి కొసకీ విడివిడిగా కొలవాలి: 30-30 కావచ్చు, 35-35 కావచ్చు, రెండు వైపులా సమానం కాకపోనూవచ్చు. బయటి వైపు మాత్రం రెండు మూడు మిల్లీమీటర్లకి మించి పొడుచుకు రాకూడదు, వస్తే దొంగ పట్టకారుకి దొరుకుతుంది. బిగించాక తలుపు తెరిచి ఉంచే నాలుగుసార్లు తిప్పి చూసి, అప్పుడు మూయండి.

పాత సిలిండర్‌ని చెవులతో సహా దాచండి. ఖాళీ చేసే రోజున అదే తిరిగి బిగించి, మీ కొత్తది మీతో తీసుకెళ్ళొచ్చు. ఓనర్‌కి ఈ మాట ముందే చెప్తే ఆయనా కాదనరు.

ప్రశ్న: తాళం చెవి సగం లోపల విరిగిపోయింది. ఫెవిక్విక్ పెట్టి లాగొచ్చా? (నెల్లూరు)

జవాబు: వద్దు బాబూ, ముక్కతో పాటు పిన్నులూ అతుక్కుంటే అప్పుడు నిజంగానే తాళం పోతుంది. మిగిలిన సగంతో పొడవకండి కూడా. చెవి పెట్టి తీసే స్థితిలోనే రంధ్రం ఉండాలి, తిరిగి ఉంటే సన్నటి స్క్రూడ్రైవర్‌తో సరిచేసి, సన్న రంపపు బ్లేడు పళ్ళు మీ వైపు ఉండేలా ముక్క పక్కన దూర్చి లాగండి. రెండు ముక్కలూ పారేయకండి, వాటిని జతపెట్టి చూసి కొత్తది కోసి ఇస్తారు.

ప్రశ్న: డిజిటల్ తాళం పెట్టిద్దామని అబ్బాయి అంటున్నాడు. బ్యాటరీలు అయిపోతే మా ముసలాళ్ళ గతేమిటి? (విశాఖపట్నం)

జవాబు: అయిపోయే ముందు చాలా రోజులు కీచుమంటుంది లెండి. చాలా మోడళ్ళకి బయట అడుగున రెండు లోహపు చుక్కలుంటాయి, 9 వోల్టుల బ్యాటరీ అక్కడ ఆనిస్తే ఆ కాసేపటికి పనిచేస్తుంది. దాంతో పాటు మామూలు తాళం చెవి కూడా ఇచ్చే మోడలే తీసుకోమనండి, ఆ చెవిని మాత్రం ఇంటి బయట, నమ్మకమైన వాళ్ళ దగ్గర ఉంచండి. మా బంధువులొకరు దాన్ని భద్రంగా పడకగది బీరువాలో పెట్టారు. అది గుర్తొచ్చింది మెట్ల మీద కూర్చున్నాకే.