బుల్లి విమానాల మీద దుమ్ము

సందేహం: అన్నయ్యా, ఉద్యోగం మీద ఈ చలి దేశానికి వచ్చి ఎనిమిది నెలలైంది. స్కేల్ మోడళ్ల పిచ్చి చిన్నప్పటి నుంచీ ఉంది. సూట్‌కేసులో బట్టల మడతల మధ్య పెట్టుకుని పదిహేను కార్లు, ఆరు విమానాలు తెచ్చుకున్నాను. పుస్తకాల అల్మరా పైన పెడితే వారం తిరక్కుండా బూడిద చల్లినట్టు దుమ్ము పడుతోంది. తుడిచి తుడిచి విసుగొస్తోంది. అద్దె ఇల్లు, ఎప్పుడు మారాల్సి వస్తుందో తెలీదు. షోకేసు కొందామంటే మోడళ్లన్నిటి కన్నా దాని ధరే ఎక్కువుంది. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ తుడవడం ఆపు. దేశం వదిలి వచ్చి పంతొమ్మిదేళ్లలో నా దగ్గర పాడైన మోడళ్లు లెక్కేస్తే, దుమ్ము పడి పాడైనవి ఒకటో రెండో. మిగతావన్నీ నేను దుమ్ము దులుపుతుంటే విరిగినవే. మొదటి ఏడాది 1:400 (అంటే అసలు దానిలో నాలుగు వందలో వంతు సైజు) బోయింగ్ 747 ఒకటి ఉండేది. నూలుగుడ్డతో రెక్క తుడుస్తుంటే గుడ్డ పోగు ముందు చక్రానికి చుట్టుకుంది. నేను చూసుకోకుండా లాగాను. టిక్కుమని చిన్న చప్పుడు, అంతే. బియ్యపు గింజంత చక్రం, టార్చి వేసుకుని మోకాళ్ల మీద వెతికితే ఎక్కడ కనిపిస్తుంది? ఇల్లు ఖాళీ చేసే రోజున సోఫా జరిపితే దొరికింది.

మన దగ్గర దుమ్మంటే కిటికీలోంచి వచ్చే మట్టి. చలి దేశాల్లో కిటికీలు నెలల తరబడి మూసే ఉంటాయి కదా, దుమ్ము ఎక్కడి నుంచి వస్తుందని నేనూ అనుకున్నాను. ఆ దుమ్ములో చాలా భాగం మనదే. బట్టల నూగు, దుప్పట్ల పోగులు, కార్పెట్ పీచు, మన ఒంటి మీద రాలే పొట్టు. వేడిగాలి కొట్టే హీటరుంటే దీన్నంతా ఇల్లంతా తిప్పుతుంది. పైగా ఆ పొడి గాలిలో ప్లాస్టిక్‌కి స్టాటిక్ కరెంటు పట్టి దుమ్ముని లాగుతుంది. స్వెట్టర్ విప్పితే చిటపటమంటుంది చూడు, అదే. పొడిగుడ్డతో రుద్దావంటే అది ఇంకా పెరిగి, పోయిన దుమ్ము పోయినట్టే తిరిగొస్తుంది. నీ విసుగుకి సగం కారణం ఇదే.

కాబట్టి డబ్బు ఖర్చు లేని పని మొదట చెయ్యి. గాలి వచ్చే గ్రిల్‌కి ఎదురుగా, మంచం పక్కన, వంటగదికి దగ్గర్లో మోడళ్లు పెట్టకు. వంటగది మరీ ప్రమాదం. నూనె ఆవిరి కలిసిన దుమ్ము ఊదితే పోదు, జిడ్డులా అతుక్కుంటుంది. నేరుగా ఎండ పడే కిటికీ కూడా వద్దు. తెల్ల ప్లాస్టిక్, డెకాల్స్ (మోడల్ మీద అంటించే పల్చటి గుర్తులు, అక్షరాలు) పసుపెక్కుతాయి. మామూలు కిటికీ అద్దం అల్ట్రావయొలెట్‌ని పూర్తిగా ఆపదు.

తర్వాత కొలతలు. చాలామంది ముందు బీరువా కొని, మోడళ్లు పట్టక తల పట్టుకుంటారు. నాలుగున్నర మీటర్ల కారు 1:18లో 25 సెంటీమీటర్లు, 1:43లో పదిన్నర, 1:64లో ఏడు. హాట్ వీల్స్ బొమ్మ కార్ల లాంటివి ప్యాకింగ్‌లో పట్టేలా కాస్త అటూఇటూగా చేస్తారు కాబట్టి వాటికి ఈ లెక్క పూర్తిగా కుదరదు, అయినా ఏడు దగ్గరే ఉంటాయి. 747-400 పొడవు 70 మీటర్ల పైచిలుకు. అది 1:400లో 18 సెంటీమీటర్ల లోపు, 1:200లో 35. విమానాలకి పొడవొక్కటే చూస్తే చాలదు, రెక్కల వెడల్పుకీ చోటు కావాలి. ఐకియా బిల్లీ లాంటి పుస్తకాల అల్మరా బయటి లోతే 28 సెంటీమీటర్లు. 1:18 కారు పక్కకి తిప్పి పెడితే హాయిగా పడుతుంది, ఎదురుగా పెడితే ఇబ్బందే. 1:200 జంబో జెట్‌ని దాని జోలికి తేవద్దు.

చవకగా అయిపోవాలంటే నేను చెప్పే మొదటి మాట చేపల తొట్టి. నవ్వకు. నీళ్లు కారే గాజు తొట్టిని అమ్మేవాడు దాదాపు ఊరికే ఇచ్చేస్తాడు, ఎందుకంటే చేపలకి అది పనికిరాదు. మనకి నీళ్లతో పనేముంది? శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, బోర్లించు. 60 × 30 సెంటీమీటర్ల తొట్టి కింద 1:18 కార్లు నాలుగు పడతాయి. అడుగున ఓ చెక్క పలక, దాని మీద ఫెల్ట్ (మందపాటి మెత్తటి) గుడ్డ పరిస్తే గాజు అంచు అందులో కూర్చుని సందు మూసుకుంటుంది. బరువుంటుంది కాబట్టి ఎత్తేటప్పుడు ఇద్దరు పట్టుకోండి. నా దగ్గర రెండున్నాయి. వచ్చిన వాళ్లెవరూ తొట్టి అని కనిపెట్టలేదు, మా ఆవిడ చెప్తే తప్ప.

చిన్న కార్లకి మూత ఉన్న పారదర్శక ప్లాస్టిక్ డబ్బాలు, లోతున్న ఫోటో ఫ్రేములు బాగా పనికొస్తాయి. డబ్బా అయితే మూతే అడుగు, డబ్బా పైకప్పు. కాస్త పెద్దది కావాలంటే గాజు తలుపుల బీరువా సెకండ్‌హ్యాండ్‌లో చూడు. ఊరు మారే వాళ్లు దాన్ని మొయ్యలేక వదిలించుకోవాలనే చూస్తారు, నెలాఖరున ఇంకా తగ్గుతారు. లేదా తలుపుల్లేని అల్మరా ఇప్పుడు కొని, గాజు తలుపులు తర్వాత తగిలించు. గోడకి బిగించాలంటే మేకు కొట్టే ముందు ఇంటి ఓనర్‌ని ఈమెయిల్‌లో అడుగు. నోటిమాట అనుమతి డిపాజిట్ వెనక్కి ఇచ్చే రోజున ఎవరికీ గుర్తుండదు. కానీ ఎత్తైన బీరువాని గోడకి బిగించకుండా మాత్రం ఉంచకు, ఇంట్లో పిల్లలుంటే అసలే వద్దు.

తలుపున్నంత మాత్రాన దుమ్ము రాదనుకోకు. గాజు తలుపుకీ ఫ్రేముకీ మధ్య సందుంటుంది. ఎక్కడుందో చూడాలంటే రాత్రి గదిలో లైట్లు ఆపి, ఫోన్ టార్చి వెలిగించి బీరువా లోపల పెట్టి తలుపు మూసెయ్యి. ఏ అంచు నుంచి వెలుగు గీతలా బయటికి వస్తుందో దుమ్ము అక్కడి నుంచే లోపలికి వస్తుంది. తలుపులకి అంటించే ఫోమ్ టేపు అక్కడ వెయ్యి. వెనక పలక చుట్టూ పారదర్శక టేపు. మా బీరువాకి ఇది చేశాక వారం వారం చేసే పని ఏడాదికోసారికి దిగింది.

అక్రిలిక్ (గాజులా కనిపించే ప్లాస్టిక్) పెట్టెలు కొంటే ఒక హెచ్చరిక. గాజుకి కొట్టే స్ప్రే వాటికి కొట్టకు. అమోనియా, ఆల్కహాల్ తగిలితే అక్రిలిక్‌లో వెంట్రుకల్లాంటి పగుళ్లు లేస్తాయి. నా మొదటి పెట్టె అలాగే పోయింది, మెరిపిద్దామని మసకబార్చుకున్నాను. గోరువెచ్చని నీళ్లు, చుక్క సబ్బు, మైక్రోఫైబర్ గుడ్డ చాలు. అలాగే మెత్తటి టైర్లు ప్లాస్టిక్ మీద నేరుగా ఏళ్ల తరబడి ఉంటే, టైర్లో మెత్తదనం కోసం కలిపే రసాయనం బయటికి ఊరి అతుక్కుపోతుంది. నా 1:18 కారు ఎత్తితే అక్రిలిక్ మీద నాలుగు నల్లటి మచ్చలు మిగిలాయి. టైరు కింద చిన్న అల్యూమినియం ఫాయిల్ ముక్క పెడితే కనిపించదు, అంటుకోదు. సీసం కలిసిన లోహపు భాగాలున్న ఓడ మోడళ్లుంటే ఓక్ చెక్క పెట్టెలో మూసిపెట్టొద్దు. ఆ చెక్క వదిలే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లగా పొడి రాలుతుంది.

లైటు కావాలంటే ఎల్‌ఈడీ స్ట్రిప్ పెట్టు, తలుపు వైపు పై అంచున. వెనక పెడితే మోడల్ నీడలా కనిపిస్తుంది. అడాప్టర్ బయటే ఉంచు. లోపల వేడెక్కితే గాలి వ్యాకోచించి బయటికి పోతుంది, లైటు ఆపాక చల్లబడి మళ్లీ లోపలికి పీలుస్తుంది, దుమ్ముతో సహా. ఇక అడుగున నల్లటి నిగనిగలాడే షీటు వెయ్యకు. ఫోటోల్లో బాగుంటుంది గానీ నూలు పోగు పడినా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. లేత బూడిద రంగు కాగితం చాలా దయగలది.

ఎంత మూసినా ఎప్పుడో ఒకసారి శుభ్రం చెయ్యక తప్పదు. కెమెరా లెన్సులకి వాడే రబ్బరు బ్లోయర్ ముందు, మెత్తటి మేకప్ బ్రష్ తర్వాత. బ్రష్‌ని ఆంటెనాలు సాగిన దిక్కులోనే పోనివ్వు, అడ్డంగా కాదు. డబ్బాలో వచ్చే కంప్రెస్డ్ ఎయిర్ నాకు నచ్చదు. వంచి కొడితే గడ్డకట్టేంత చల్లటి ద్రవం చిమ్ముతుంది, సన్నటి భాగాలు ఎగిరిపోతాయి. వాక్యూమ్ వాడితే గొట్టం మూతికి పాత స్టాకింగ్ కట్టు, ఊడిన ముక్క అక్కడే ఆగుతుంది. జిడ్డుకి కాటన్ బడ్‌ని నాలుకతో తడిపి తుడిచి, తర్వాత మంచినీళ్ల బడ్‌తో తుడువు. లాలాజలంలోని ఎంజైములు మురికిని వదిలిస్తాయి. మ్యూజియం వాళ్లు ఎప్పటి నుంచో చేస్తున్న పనే. దీన్ని పరీక్షించి చూసిన పోర్చుగల్ పరిశోధకులకి 2018లో ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే సరదా బహుమతి) కూడా వచ్చింది. డైకాస్ట్ (లోహం అచ్చులో పోసి చేసిన) కార్లని మాత్రం నీళ్లలో ముంచకు, లోపలి ఇరుసులు తుప్పు పడతాయి.

ఇల్లు మారేటప్పుడు బబుల్ ర్యాప్‌ని రంగు మీద నేరుగా చుట్టకు. వేడికి గుండ్రటి ముద్రలు పడతాయి. ముందు పల్చటి టిష్యూ కాగితం, దానిపైన బబుల్. విమానాలు లారీలో వద్దు, నీతో పాటు కార్లో, ఒళ్లో పెట్టుకుని వెళ్లు.