ఫ్యాబ్‌లు వదిలేసినా చిప్ పరిశోధన ఎందుకు?

ప్రశ్న: ప్రపంచంలోనే తొలి 2 నానోమీటర్ల చిప్‌ను రూపొందించినట్లు 2021లో ఐబీఎం ప్రకటించింది. కానీ ఆ సంస్థ తన చిప్ కర్మాగారాలను (ఫ్యాబ్‌లను) అంతకు చాలా ముందే వదిలించుకుందని చదివాను. తయారీయే లేనప్పుడు పరిశోధనకు అంత డబ్బు పెట్టడం ఎందుకు? అసలు ఆ 2 నానోమీటర్లు దేని కొలత?
– ఇంజనీరింగ్ విద్యార్థిని, వరంగల్

జవాబు: మీరు చదివింది నిజమే. 2014 జులైలో ఐబీఎం, 7 నానోమీటర్లు, ఆ తర్వాతి తరాల చిప్‌ల పరిశోధనకు అయిదేళ్లలో 300 కోట్ల డాలర్లు వెచ్చిస్తామని ప్రకటించింది. అదే ఏడాది అక్టోబరులో, నష్టాల్లో నడుస్తున్న తన చిప్ తయారీ విభాగాన్ని గ్లోబల్‌ఫౌండ్రీస్‌కు అప్పగించడానికి ఒప్పందం చేసుకుంది. అమ్మి సొమ్ము తీసుకోవడం మాట అటుంచి, తీసుకున్నవారికే 150 కోట్ల డాలర్లు ఎదురిచ్చింది.

ఈ రెండు నిర్ణయాలూ పైకి కనిపించినంత పరస్పర విరుద్ధమైనవి కావు. చిప్ కర్మాగారం రాత్రింబవళ్లు నిండా పని ఉంటేనే గిట్టుబాటవుతుంది. ఐబీఎంకు కావలసిన మెయిన్‌ఫ్రేమ్ (పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్), సర్వర్ చిప్‌ల సంఖ్య అంత పెద్దది కాదు. వాటిని తానే డిజైన్ చేసుకుని వేరేచోట చేయించుకోవచ్చు. ఆ సంస్థ మెయిన్‌ఫ్రేమ్‌లలోని టెలమ్ ప్రాసెసర్‌ను శాంసంగ్ 7 నానోమీటర్ల పద్ధతిలో తయారు చేసింది. పరిశోధనకైతే న్యూయార్క్ రాష్ట్రం ఆల్బనీలోని నానోటెక్ ప్రాంగణం ఉంది. అక్కడ చిప్ కంపెనీలతో పాటు అప్లైడ్ మెటీరియల్స్, టోక్యో ఎలక్ట్రాన్ వంటి యంత్ర తయారీదారులూ పని చేస్తారు కాబట్టి ఖరీదైన పరికరాల భారం ఒక్కరి మీదే పడదు. అలా సాధించిన పరిజ్ఞానాన్ని తయారీదారులకు ఇచ్చి రాబడి పొందవచ్చు. జపాన్‌లో 2022లో ఏర్పడిన రాపిడస్ సంస్థ, హొక్కైడోలోని చితోసేలో నెలకొల్పిన కర్మాగారానికి ఐబీఎం 2 నానోమీటర్ల పరిజ్ఞానాన్నే ఆధారం చేసుకుంది.

ఇక కొలత సంగతి. ఆ చిప్‌లో 2 నానోమీటర్ల భాగం ఏదని వెతికితే దొరకదు. ఒకప్పుడు ఆ అంకె ట్రాన్సిస్టర్ గేటు పొడవుకు దగ్గరగా ఉండేది. కాలక్రమంలో అది తరం పేరుగా మాత్రమే మిగిలింది. 2021 చిప్‌లో గేటు పొడవు 12 నానోమీటర్లు. అసలు విశేషం దాని నిర్మాణంలో ఉంది. ట్రాన్సిస్టర్ ఒక స్విచ్. గేటు మీది వోల్టేజి, దాని కింది సిలికాన్ దారిలో కరెంటును పారనిస్తుంది లేదా ఆపుతుంది. దారి మరీ పొట్టిదైపోతే గేటు పట్టు సడలి, స్విచ్ ఆపినా కొంత కరెంటు కారిపోతుంది. రబ్బరు గొట్టాన్ని పైనుంచి ఒక్క వేలితో నొక్కితే నీరు పూర్తిగా ఆగదు, పిడికిట్లో బిగిస్తే ఆగుతుంది, ఇదీ అంతే. పాత ట్రాన్సిస్టర్లలో గేటు పైన మాత్రమే ఉండేది. ఇంటెల్ 2011లో ప్రకటించిన 22 నానోమీటర్ల తరంలో మూడు వైపులా వచ్చింది. ఐబీఎం 2 నానోమీటర్ల చిప్‌లో వాడిన నానోషీట్ (అతి పలుచని సిలికాన్ రేకు) నిర్మాణంలో గేటు నాలుగు వైపులా చుట్టుకుంటుంది.

ఆ చుట్టడం ఎలాగన్నది ఆసక్తికరం. సిలికాన్, సిలికాన్-జెర్మేనియం పొరలను ఒకదానిపై ఒకటి మార్చి మార్చి పెంచుతారు. తర్వాత జెర్మేనియం ఉన్న పొరలను మాత్రమే కరిగించి తీసేసే రసాయన ప్రక్రియ జరుపుతారు. అప్పుడు ఒక్కొక్కటి 5 నానోమీటర్ల మందం గల మూడు సిలికాన్ రేకులు, రెండు చివర్ల ఆధారంతో మధ్యలో ఖాళీగా నిలిచి ఉంటాయి. ఆ సందుల్లోకి గేటు పదార్థాన్ని పంపుతారు. గోరంత చిప్‌పై ఇలాంటి ట్రాన్సిస్టర్లు 5,000 కోట్లు పట్టించగలమని ఐబీఎం చెప్పింది.

అయితే ఇటువంటి ప్రకటనలను కాస్త నిదానించి చదవాలి. 7 నానోమీటర్ల చిప్‌లతో పోలిస్తే 45 శాతం ఎక్కువ పనితీరు, లేదా 75 శాతం తక్కువ విద్యుత్తు అన్నారు. ఆ ‘లేదా’ను చాలామంది ‘మరియు’గా చదివేశారు. పైగా ప్రయోగశాలలో ఒక వేఫర్ (చిప్‌లను రూపొందించే పలుచని సిలికాన్ బిళ్ల)పై పని చేసినది, వేల వేఫర్లపై లోపాలు లేకుండా రావడం పూర్తిగా వేరే పని. 2015లో ఐబీఎం 7 నానోమీటర్ల ప్రయోగ చిప్‌లో భాగస్వామి అయిన గ్లోబల్‌ఫౌండ్రీస్, 2018 ఆగస్టులో ఆ తరం తయారీ ఆలోచననే విరమించుకుంది. తైవాన్ సంస్థ టీఎస్‌ఎంసీ 2 నానోమీటర్ల భారీ ఉత్పత్తిని మొదలుపెట్టింది 2025 చివర్లో.

ప్రశ్న: అమరావతికి వస్తుందంటున్న క్వాంటమ్ కంప్యూటర్ ఈ చిప్‌లన్నిటినీ పాతబడేలా చేస్తుందా?
– పాఠకుడు, గుంటూరు

జవాబు: చేయదు. ఐబీఎం, టీసీఎస్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి 2025లో ప్రకటించిన ఆ యంత్రంలో 156 క్యూబిట్ల (క్వాంటమ్ కంప్యూటర్‌లో సమాచారానికి మూల ప్రమాణాల) హెరాన్ ప్రాసెసర్ ఉంటుంది. అణువుల ప్రవర్తనను లెక్కించడం వంటి కొన్ని ప్రత్యేక సమస్యలకే ఆ పద్ధతి అనువైనది. మీ ఫోనులో, బ్యాంకు సర్వర్‌లో జరిగే పనులకు దానితో లాభం లేదు. క్యూబిట్లను పరమశూన్య ఉష్ణోగ్రతకు అతి సమీపాన ఉంచాలి, లెక్కల్లో వచ్చే తప్పులను కనిపెట్టి సరిదిద్దాలి, ఆ నియంత్రణ అంతా మామూలు చిప్‌లతోనే సాగాలి. క్వాంటమ్ ప్రాసెసర్ల తయారీ కూడా పాత చిప్ విద్యకు దూరమేమీ కాదు: ఐబీఎం వాటిని ఇప్పుడు అదే ఆల్బనీ ప్రాంగణంలో, 300 మిల్లీమీటర్ల సిలికాన్ వేఫర్లపైనే రూపొందిస్తోంది.