పెద్దోడు ట్రైనింగులో, చిన్నోడు అకాడమీ గేటు దగ్గర

ప్రశ్న: మాది ఒడిశాలో గజపతి జిల్లా, కాశీనగర్ దగ్గర పల్లెటూరు. పెద్దబ్బాయి ప్లస్ టూ అయ్యాక సైన్యంలో నాలుగేళ్ల ఉద్యోగానికి అగ్నివీర్‌గా ఎంపికై హైదరాబాద్‌లో ఫిరంగి దళం వాళ్ల ఆర్టిలరీ సెంటర్‌కు వెళ్లాడు. ఐదు వారాలైంది. ఇప్పటికి రెండే రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండోసారి గొంతు బాగాలేదు. వాళ్లమ్మ సరిగ్గా తినడం లేదు, వాడిని వెనక్కి తెచ్చేయండి అంటోంది. ఇంటి స్లాబు కోసం రెండు లక్షలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాను. నాలుగేళ్ల తర్వాత వాడికొచ్చే పది లక్షల్లోంచి తీర్చేద్దామనుకున్నాను. ఈ సంగతి ఇంట్లో తెలీదు. చిన్నవాడు ప్లస్ టూ సైన్స్ రెండో సంవత్సరం. వాడూ అన్నలాగే వెళ్తానని, సరిహద్దు అవతల ఆంధ్రలో, సైన్యం ఎంపికలకు కోచింగిచ్చే ఒక డిఫెన్స్ అకాడమీలో చేర్చమని రోజూ గొడవ. అకాడమీ మంచిదా, డిప్లొమా మంచిదా?

జవాబు: అన్నగారూ, మీరు అడిగింది చిన్నవాడి గురించి. ఉత్తరంలో ముప్పాతిక మాత్రం పెద్దవాడే ఉన్నాడు. పర్లాకిమిడిలో నా దగ్గరకు ఏటా సలహాకు ఇలాంటి నాన్నలు కొందరు వస్తారు. అకాడమీ ఫీజుతో మొదలుపెడతారు. పది నిమిషాలయ్యాక జేబులోంచి ఫోన్ తీసి, "ఈ నంబరు నుంచి మళ్లీ కాల్ రాలేదండీ" అంటారు. కాబట్టి ముందు ఆ ఫోన్ సంగతే చూద్దాం.

మీవాడి శిక్షణ మొత్తం 31 వారాలు. మొదటి 10 వారాలు బేసిక్, తర్వాతి 21 వారాలు ఫిరంగి, డ్రైవింగ్, వైర్‌లెస్ లాంటి అసలు పని. అంటే ఇప్పుడు బేసిక్‌లో సగం దూరంలో ఉన్నాడు. అన్నిటికంటే కష్టమైన రోజులివే. తెల్లారకముందే లేవాలి. పీటీ, డ్రిల్, క్లాసు, మళ్లీ మైదానం, రాత్రి రోల్ కాల్. ఫోన్ వాళ్ల చేతిలో ఉండదు, ఇచ్చినా కాసేపే. ఇక గొంతంటారా, డ్రిల్లులో పొద్దున్నించి సాయంత్రం దాకా అరిచి అరిచి అందరికీ పోతుంది. మీ ఆవిడ దాన్ని ఏడుపు గొంతు అనుకుని ఉంటారు. కావచ్చు కూడా. మొన్నటిదాకా అమ్మ చేతి చారన్నం తిన్న పిల్లాడు కొత్తచోట నాలుగు రాత్రులు ఏడిస్తే కొంపేం మునగదు.

మా తమ్ముడు సైన్యానికి వెళ్లినప్పుడు మా అమ్మ పోస్ట్‌మాన్ సైకిల్ బెల్ వినపడితే చాలు, చేతిలో పని వదిలేసి వీధిలోకి వచ్చేసేది. వాడు మొదటి ఛుట్టీకి (సెలవుకి) ఇంటికొచ్చి, తెల్లవారుజామున నాలుగింటికే లేచి, దుప్పటి నాలుగు మూలలూ కలిపి మడత పెట్టి, ఎవరూ చెప్పకుండానే వాకిలి ఊడ్చేశాడు. అమ్మ అది చూసి మళ్లీ ఏడ్చింది. ఇద్దరు కొడుకులున్న ఇంట్లో అంతకుముందు చీపురు పట్టినవాడు లేడు మరి.

వెనక్కి తెచ్చేయడం అంత తేలిక కాదు. అగ్నివీర్ తనంతట తాను మధ్యలో వదిలేసి రావడానికి నిబంధనలు ఒప్పుకోవు. చాలా అరుదైన సందర్భాల్లో, పై అధికారి అనుమతిస్తే తప్ప. అసలు వాడు వచ్చేస్తానని అన్నాడా? మీ ఉత్తరంలో ఆ మాట ఎక్కడా లేదు. అన్నది వాళ్లమ్మ. ఆవిడ భయం ఆవిడది, దాన్ని వాడి నోట్లో పెట్టకండి.

ఒక్క విషయంలో మాత్రం ఆవిడ భయానికి పని చెప్పాలి. మన ఇళ్లల్లో పిల్లాడు కాలు నొప్పంటే "ఓర్చుకో నాన్నా, అందరూ పడట్లేదా" అంటాం. ట్రైనింగులో ఉన్నవాడితో ఆ మాట అనకండి. రోజూ బూట్లతో పరుగెత్తేవాళ్లకు మోకాలి కింద ఎముక నొప్పి మామూలే. కానీ అదే చోట, నొక్కితే ప్రాణం పోయేలా ఉండి, పడుకున్నా తగ్గకపోతే ఎముకలో సన్నని చీలిక కావచ్చు. పిల్లలు దాచేస్తారు. ఎంఐ రూమ్‌కు (సెంటర్‌లోని వైద్య గదికి) వెళ్తే విశ్రాంతి ఇస్తారు, విశ్రాంతి ఎక్కువైతే వెనక బ్యాచ్‌లోకి నెట్టేస్తారు, ఊళ్లో పరువు పోతుంది అని. బ్యాచ్ వెనకబడితే కొన్ని వారాలు ఆలస్యమవుతుంది, అంతే. చీలిక మీద పరుగెత్తితే ఉద్యోగానికే ఎసరు. ఈసారి ఫోన్ వస్తే "తిన్నావేటి" తర్వాత రెండో ప్రశ్న కాళ్ల గురించే అడగమనండి. నొప్పి ఉందంటే శిక్షణిచ్చే ఉస్తాద్‌కు చెప్పి ఎంఐ రూమ్‌కు వెళ్లమనండి. అమ్మ చెప్పిందంటే వింటాడు.

మిగిలిన రెండు నిమిషాల్లో ఆవు ఈనిందా, తమ్ముడి మార్కులెన్ని, వాన పడిందా, ఇలాంటివి చెప్పండి. అప్పుల సంగతి, పొలం గట్టు తగాదా, మావయ్యతో మాటల్లేకపోవడం వద్దు. అలాగని ఇంట్లో పెద్ద జబ్బో, చావో జరిగితే దాచకండి, సెంటర్‌కు కబురు పెట్టండి. పక్క ఊరి స్నేహితుడి ద్వారా తెలిస్తే వాడు ఇంకెప్పుడూ మీ మాట నమ్మడు.

ఇప్పుడు మీ ఇద్దరి సంగతి. మీ ఉత్తరం చదువుతుంటే ఒకటి తెలుస్తోంది. మీరు ఆవిడతో మాట్లాడరు, ఆవిడ తిండి మానేసింది, చిన్నవాడు మైదానంలో తిరుగుతున్నాడు. ఒకే ఇంట్లో ముగ్గురూ ఎవరి భయం వాళ్లు మోస్తున్నారు. కాశీనగర్, గుణుపురం, పాతపట్నం చుట్టుపక్కల ఇదే ఏడాది ఇంకెందరి పిల్లలు వెళ్లారో కనుక్కున్నారా? వెతకండి, సంత రోజున నలుగురిని అడిగితే తెలిసిపోతుంది. శ్రీకాకుళం వైపు ఊళ్లల్లో అయితే తరాలుగా సైన్యంలో ఉన్న ఇళ్లున్నాయి. అక్కడి మాజీ సైనికుల ఇల్లాళ్లకు తెలిసినంత నాకు కూడా తెలీదు. మీ ఆవిడను అలాంటి ఒకామె దగ్గర ఒక పూట కూర్చోబెట్టండి. మీరు వంద ధైర్యాలు చెప్పినా "ఊరికే అంటున్నారు" అనుకుంటుంది. "మావాడూ మొదటి నెల ఇలాగే చేశాడమ్మా" అని ఆమె అంటే రాత్రికి అన్నం తింటుంది.

నాకు తెలిసిన మూడు కుటుంబాలు ఇలాగే కలిశాయి. ఎవరికి ఫోన్ వచ్చినా మిగతా ఇద్దరి పిల్లల సంగతీ అడిగేవారు. ఒకరి ఇంట్లో హిందీ చదవగల అమ్మాయి ఉంది, సెంటర్ నుంచి వచ్చే కాగితాలన్నీ ఆమె చదివి చెప్పేది. ఒకాయన కోతల సమయంలో మంచం పడితే మిగతా రెండిళ్లవాళ్లు వెళ్లి కోసి పెట్టారు. చివరికి శిక్షణ ముగిసి పిల్లలు ప్రమాణం చేసే కసమ్ పరేడ్‌కు అందరూ కలిసి పలాస వెళ్లి సికింద్రాబాద్ రైలెక్కారు. చాలా సెంటర్లలో ఆ రోజు తల్లిదండ్రులకు గౌరవ్ పదక్ అని ఒక పతకం ఇస్తారు. మీకు ఇంకా 26 వారాలుంది. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, తేదీ తెలియగానే చేయించుకోండి.

వాట్సాప్ గ్రూపులు మాత్రం వేరే సంగతి. వందమంది తల్లిదండ్రులున్న గ్రూపులో రాత్రి పదకొండింటికి ఎవరో "ఒక పిల్లాడు గ్రౌండులో పడిపోయాడట" అని వాయిస్ పెడతారు. ఏ సెంటరో, ఏ సంవత్సరమో ఎవరికీ తెలీదు. తెల్లారేసరికి నలభై ఇళ్లల్లో బీపీ పెరుగుతుంది. మీ ఆవిడ ఫోన్‌లో అలాంటి గ్రూపుంటే తీయించేయండి. మూడు ఇళ్లు చాలు.

ఖాళీగా కూర్చుని దిగులు పడేకంటే ఒక పని చేయండి. మన సరిహద్దు పిల్లల కాగితాల్లో పేర్లు ఎప్పుడూ చిక్కే. ఆధార్‌లో వెంకటరావు, ఒడియా బడి రికార్డులో బెంకట రావు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక. తండ్రి పేరు తేడా ఉంటే వెరిఫికేషన్‌లో, బ్యాంకులో, నామినీ దగ్గర తలనొప్పి. మీరూ, మీతో కలిసే ఆ రెండిళ్లవాళ్లూ కూడబలుక్కుని ఇవి సరి చేయించుకోండి.

ఇక రెండు లక్షలు. దీని మీద కోపం ఆపుకోవడం నావల్ల కాదు. నూటికి మూడు అంటే నెలకు 6,000 వడ్డీ. 48 నెలలకు 2,88,000. అసలుతో కలిపి 4,88,000. నాలుగేళ్ల చివర అగ్నివీర్‌కు ఇచ్చే సేవానిధి, వడ్డీ కాకుండా 10.04 లక్షలు. అందులో సగం, 5.02 లక్షలు, నెలనెలా మీవాడి జీతంలోంచి కోసి పెట్టిందే. మొదటి ఏడాది జీతం 30,000 అంటారు, చేతికొచ్చేది 21,000. వాడింకా బ్యారక్‌లో మంచం సర్దుకోవడం నేర్చుకుంటున్నాడు, మీరేమో వాడి నాలుగేళ్ల చెమటలో సగం స్లాబు మీద పోసేశారు! వాడిని ఒక్కమాటైనా అడగలేదు. నలుగురిలో ఒక్కరినే, అంటే 25 శాతం మందినే, ఆ తర్వాత రెగ్యులర్‌గా తీసుకుంటారు. మిగతావాళ్లకు పెన్షన్ లేదు. బయటికొచ్చి మళ్లీ బతుకు మొదలుపెట్టడానికి ఆ డబ్బే ఆధారం. పొదుపు సంఘంలోనో బ్యాంకులోనో తక్కువ వడ్డీకి మార్చుకోండి, వీలైనంత ఈ పంటకే తీర్చండి. "వాడి కోసమే కదండీ ఇల్లు" అని మాత్రం నాతో అనకండి. ఈ మాట ఈ ఏడాది చాలాసార్లు విన్నాను.

చిన్నవాడి అకాడమీ గురించి నా అనుమానాలు దాచను. పదేళ్ల కిందట ఇటువైపు ఇలాంటివి ఒకటో రెండో. ఇప్పుడు ప్రతి కూడలిలో యూనిఫాం వేసుకున్న పిల్లల ఫ్లెక్సీ. అందులో నవ్వుతున్న మొహాలు నిజమే, అయితే అవి ఎంపికైనవాళ్లవి. మిగతావాళ్లు నా దగ్గరకు వస్తారు. ఎంపిక వయసు దాటిపోతుంటుంది, డిగ్రీ మధ్యలో ఆగిపోయి ఉంటుంది, పరుగు తప్ప చేతిలో ఇంకో పని ఉండదు. అందరూ మోసగాళ్లని అనను. మాజీ సైనికులు ఊరి పిల్లలకు ఉచితంగా నేర్పే చోట్లు నాకు తెలుసు. కానీ ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకునే చోట అడుగు కూడా పెట్టొద్దు. "మీ మావయ్య పాతపట్నం అడ్రస్ పెట్టేద్దాం" అనే చోట అసలే వద్దు. పాతపట్నం ఆంధ్రలోది, గజపతి జిల్లా పిల్లలది ఒడిశాలోని గోపాల్‌పూర్ సైనిక నియామక కార్యాలయం. దొంగ నివాస ధ్రువపత్రంతో చేరినవాడు ఎన్నాళ్లకు దొరికినా ఇంటికే. 1.6 కిలోమీటర్ల పరుగుకు ఫీజెందుకు? బడి మైదానం ఉంది, అన్న పరుగెత్తిన చెరువు గట్టుంది.

ఇంకోటి. ఆర్మీలో అగ్నివీర్ మొదటి బ్యాచ్ శిక్షణ మొదలైంది 2023 జనవరిలో. వాళ్లకు నాలుగేళ్లు నిండాకే, బయటికొచ్చిన 75 శాతం మంది ఎక్కడ కుదురుకుంటారో మన కళ్లకు కనపడేది. పోలీసులాంటి యూనిఫాం ఉద్యోగాల్లో 10 శాతం రిజర్వేషన్ ఇస్తామని ఒడిశా ప్రభుత్వం 2024లో ప్రకటించింది, మంచిదే. అయినా ఒకే ఇంటి కొడుకులిద్దరినీ ఒకే పడవలో ఎక్కించడానికి నాకు మనసొప్పదు. ముందు ఒకడు ఒడ్డు చేరనీయండి.

మీరడిగిన పోలికకు నా దగ్గర పెద్ద లెక్కేం లేదు. ప్లస్ టూ సైన్స్ పాసైతే డిప్లొమాలో నేరుగా రెండో ఏడాదిలో చేరే దారి ఉంది. బరంపురంలో యూసీపీ ఇంజినీరింగ్ స్కూలుంది, ప్రభుత్వ ఐటీఐ ఉంది. డిప్లొమా చదివితే సైన్యం తలుపేమీ మూసుకుపోదు. అగ్నివీర్ టెక్నికల్‌కు ఐటీఐ, డిప్లొమా ఉన్నవాళ్లకు అదనపు మార్కులుంటాయి. లెక్కలు, ఫిజిక్స్ ఉంటే నేవీకి కూడా రాయొచ్చు. వాళ్ల శిక్షణ ఖుర్దా జిల్లాలో చిలికా సరస్సు ఒడ్డునే, ఐఎన్‌ఎస్ చిలికాలో. (దగ్గరే కదా, ఆదివారం ఆదివారం క్యారేజీ పట్టుకెళ్లొచ్చా అని ఒక తల్లి అడిగింది. కుదరదమ్మా అన్నాను.) పుట్టిన తేదీ చూసి, డిప్లొమా అయ్యేసరికి వయసు మిగులుతుందో లేదో లెక్కేసి చెప్తాను. నా మొగ్గు డిప్లొమా వైపే. పెద్దవాడి చదువూ ఆగక్కర్లేదు, ఉద్యోగంలో ఉంటూనే దూరవిద్య నడిపే ఇగ్నోలో డిగ్రీ చేయొచ్చు. అగ్నివీరుల శిక్షణకు అందులో సగం క్రెడిట్లు ఇస్తారు.

చిన్నవాడితో ఒకసారి విడిగా మాట్లాడాలనుంది. వాడికి నిజంగా సైన్యం ఇష్టమా, లేక అన్న వెళ్లాక ఇంట్లో తననెవరూ పట్టించుకోవట్లేదనా, అది తెలియాలి. మార్కుల కాగితాలు, ఆధార్ తీసుకుని వాడినీ మీ ఆవిడనీ వెంటబెట్టుకుని రండి. బయల్దేరేముందు ఆ రెండు లక్షల సంగతి ఆవిడకు మీరే చెప్పండి. నా గదిలో నా నోటి వెంట వినడం బాగోదు.