థీసిస్ రాస్తున్న మా అమ్మలుకి

అమ్మలూ, నీ సినాప్సిస్ మొత్తం చదివా, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్ల మీద చేస్తానన్నావు, చాలా సంతోషమేసింది. కానీ ఫోన్‌లో "ఇదంతా నేనొక్కదాన్నే చేసుకోవాలి పిన్నీ" అన్నావే, అది మాత్రం మనసులోంచి తీసెయ్.

మన హైదరాబాద్‌లో ఆడవాళ్ల బతుకుల మీద రాసే ఈ పని మొదలైందే నలుగురూ కూర్చుని. 1986లో వచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చూడు, తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న మల్లు స్వరాజ్యం, చిట్యాల ఐలమ్మ లాంటోళ్లు చెప్పుకున్న మాటలు, ఆ పుస్తకం స్త్రీశక్తి సంఘటన అనే ఆడవాళ్ల సంఘం పేరు మీదే వచ్చింది. అదే సంఘం ఆ రోజుల్లోనే పటాన్‌చెరులో నెట్ ఎన్ అనే గర్భం రాకుండా ఇచ్చే ఇంజెక్షన్ ట్రయల్ ఆడవాళ్లకి సరిగ్గా చెప్పకుండా చేస్తున్నారని ఢిల్లీలోని సహేలీ అనే ఆడవాళ్ల సంఘంతో కలిసి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, మందు సంగతి, చట్టం సంగతి, ఆ ఆడవాళ్ల సంగతి మూడూ ఒక్క మనిషికి తెలియాలంటే అయ్యే పనేనా చెప్పు.

నీ టాపికే తీస్కో. చేట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తా "మెడ గుంజుతది, గని వెయ్యి చుడితెనే పైసలు" అని ఒకామె అంటే, నువ్వు సోషియాలజీ దానివి కాబట్టి ఇంటి పని, బయటి పని అని రాస్తావ్. అదే మాట డాక్టర్‌కి వినిపిస్తే ఆ మెడ గురించి, పొగాకు దుమ్ము గురించి అడుగుతుంది, లాయర్ అయితే చట్టం తీసి ఈమెకి పీఎఫ్ ఉందా, పాస్‌బుక్ ఎవరి దగ్గరుంది అంటుంది, లెక్కలు తెలిసినావిడ బాగోలేవని పక్కన పడేసిన బీడీల కూలీ ఎవరు కోసుకుంటున్నారు అంటుంది. అప్పుడు నువ్వు మళ్లీ ఆమె దగ్గరికెళ్లి అడగాల్సినవి బోలెడు తేలతాయి. వెళ్లు, రాసింది ఆమెకి చదివి వినిపించు, "నేనట్ల అనలే" అంటే మార్చు.

గొడవలొస్తాయి, రానీ. స్త్రీవాదంలో మేమెక్కడున్నాం అని దళిత స్త్రీలు నిలదీశారు, రచయిత్రి గోగు శ్యామల 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీలు రాసినవి 'నల్లపొద్దు' అనే సంకలనంగా తెచ్చారు, ఆ తర్వాత ఎవరం ఏం రాసినా అది చదవకుండా రాయడం కుదరదు. నీ సినాప్సిస్‌లో కులం ఒక్క పేరాలో అయిపోయింది, ముస్లిం ఆడవాళ్ల ఊసే లేదు, అందుకే గట్టిగా చెప్తున్నా.

గైడ్‌కి ఇచ్చేముందే రెండు ఇంటర్వ్యూలు, దిద్దకుండా, నత్తి మాటలూ ఆగిన చోట్లూ అలాగే ఉంచి ప్రింట్ తీసుకుని ఆదివారం మా ఇంటికి రా, డాక్టర్‌గారినీ లాయర్ అక్కనీ నేను పిలుస్తా. వాళ్లు మాట్లాడేది రికార్డు చేస్కో, ఎవరు ఏ ప్రశ్న అడిగారో థీసిస్‌లో పేరు పెట్టి రాయాలి, ముందే చెప్తున్నా.

మీ పిన్ని